వింబుల్డన్ పురుషుల సింగిల్స్: గ్రౌండ్ పాస్‌కే నా ఓటు, అదీ మొదటి నాలుగు రోజులకే

టెన్నిస్ చూడ్డానికి వింబుల్డన్ వెళ్తున్నామంటే ఎవరైనా ముందు అడిగేది అక్కడి ప్రధాన స్టేడియం సెంటర్ కోర్టు టికెట్ దొరికిందా అని. పురుషుల సింగిల్స్ మీద ప్రేమ ఉన్నవాళ్లు ఆ టికెట్ దొరకలేదని బాధపడక్కర్లేదు. మొదటి నాలుగు రోజుల్లో గ్రౌండ్ పాస్‌తో (పెద్ద కోర్టులు తప్ప మిగతా కోర్టుల్లో ఆట చూడనిచ్చే చౌక టికెట్) చూసినంత సింగిల్స్ ఏ ఖరీదైన సీటులోనూ చూడలేం. 2024లో ఫైనల్ రోజు సెంటర్ కోర్టు సీటు 275 పౌండ్లు. అదే ఏడాది మొదటి వారం గ్రౌండ్ పాస్ 30 పౌండ్లు.

లెక్క చూడండి. డ్రాలో, అంటే ఆడేవాళ్ల పట్టికలో, 128 మంది. మొదటి రౌండ్‌లో 64 మ్యాచులు, సోమవారం 32, మంగళవారం 32. సెంటర్ కోర్టులోనూ 1వ కోర్టులోనూ రోజుకు మూడేసి మ్యాచులు, 2వ కోర్టులో నాలుగు. వాటిలో సగం మహిళలవి. అంటే ఈ మూడు పెద్ద కోర్టులూ కలిపినా పురుషుల సింగిల్స్ ఐదారు మించవు. మిగతావన్నీ 3 నుంచి 18 దాకా ఉన్న కోర్టుల్లోనే జరుగుతాయి, గ్రౌండ్ పాస్ ఉంటే వాటిలో రిజర్వు చేయని సీట్లన్నీ మీవే. (13వ నంబరు కోర్టు లేదు, మ్యాపులో వెతక్కండి.) బుధ, గురువారాల్లో రోజుకు 16 మ్యాచులు. శుక్ర, శనివారాలకు ఎనిమిదే, వాటిలో చాలావరకు పెద్ద కోర్టులకే పోతాయి. రెండో వారంలో అదే పాస్‌తో వెళ్తే దొరికేవి డబుల్స్, జూనియర్ల మ్యాచులు. సింగిల్స్ కోసమే అయితే రెండో వారం పాస్ కొనొద్దు.

చిన్న కోర్టుల అసలు విలువ దగ్గరితనం. 4 నుంచి 11 దాకా ఉన్న కోర్టుల్లో పక్కన కొద్ది వరసల బెంచీలు, వెంటనే నడిచే దారి. టీవీ కెమెరా పైనుంచి చూపిస్తుంది కాబట్టి బంతి ఎంత ఎత్తులో వస్తోందో అందులో తెలియదు. ఇక్కడ కంటికి సమాన ఎత్తులో కనిపిస్తుంది. బ్యాక్‌హ్యాండ్ స్లైస్ (బంతి అడుగున కోసినట్టు కొట్టే దెబ్బ) పడ్డాక పైకి లేవకుండా పచ్చిక మీద జారుకుంటూ మోకాలి కిందకి వస్తుంది. మట్టి కోర్టుల్లో పెరిగిన ఆటగాళ్లు రాకెట్‌ను బాగా తిప్పి పట్టుకుంటారు, ఆ పట్టుతో అంత కింద ఉన్న బంతిని లేపడం ఎంత కష్టమో వాళ్ల నడుం, మోకాళ్లు చూస్తే అర్థమవుతుంది. సర్వీస్ అందుకునేవాడి పాదాలు గమనించండి. అవతలివాడి రాకెట్ బంతికి తగిలే క్షణానికి చిన్న గెంతు వేసి రెండు కాళ్ల మీదా దిగుతాడు. ఆ గెంతు కాస్త ఆలస్యమైతే ఆ పాయింట్ పోయినట్టే. ఇది చూడాలంటే కోర్టు పక్కన, బేస్‌లైన్‌కు (కోర్టు చివరి గీతకు) ఎదురుగా కూర్చోవాలి, నెట్ దగ్గర కాదు.

గడ్డి ఎత్తు 8 మిల్లీమీటర్లు. 2001 నుంచి పూర్తిగా రై గడ్డే వేస్తున్నారు. మొదటి రెండు రోజులు బేస్‌లైన్ వెనక ఇంకా పచ్చగా, తేమగా ఉంటుంది కాబట్టి ఆటగాళ్లు జారిపడటం ఎక్కువ. రోజులు గడిచేకొద్దీ అక్కడ గడ్డి అరిగి మట్టి తేలుతుంది, కాలు నిలుస్తుంది.

సీటు సంపాదించడం ఒక విద్య. ఆటల క్రమం ముందు రోజు సాయంత్రమే వస్తుంది, బయటి కోర్టుల్లో ఆట ఉదయం 11కి మొదలవుతుంది. ఈ సీట్లకు నంబర్లుండవు, లోపలికి వదిలేది కూడా ఆటగాళ్లు వైపు మారేటప్పుడే. మీకు కావాల్సిన మ్యాచ్ మొదలయ్యాక వెళ్తే అరగంట వరసలో నిలబడాల్సి రావచ్చు. అందుకని అంతకు ముందు మ్యాచ్ రెండో సెట్‌లోనే వెళ్లి కూర్చోండి. అది మహిళల మ్యాచ్ అయితే మరీ మంచిది, మూడు సెట్లలోపే తేలిపోతుంది. పురుషులది ఐదు సెట్ల దాకా సాగొచ్చు కాబట్టి మూడో మ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో ఎవరూ చెప్పలేరు. 2010లో అమెరికా ఆటగాడు ఇస్నర్, ఫ్రాన్స్ ఆటగాడు మహూ మూడు రోజుల పాటు 11 గంటల 5 నిమిషాలు ఆడింది 18వ కోర్టులోనే. ఇప్పుడు ఐదో సెట్ 6-6 అయితే పది పాయింట్ల టైబ్రేక్ (సెట్‌ను తేల్చేసే చివరి గేమ్) ఉంది, అంత దూరం పోదు.

మన తెలుగువాళ్లకు ఈ కోర్టులతో ఇంకో బంధం ఉంది. నెల్లూరు నుంచి అమెరికా వెళ్లిన కుటుంబంలో పుట్టిన నిశేష్ బసవరెడ్డి 2025లో మెయిన్ డ్రాలో ఆడి మొదటి రౌండ్‌లో లర్నర్ టియెన్ చేతిలో ఓడిపోయాడు. ఇలా పైకి వస్తున్న కుర్రాళ్లను చేతికందేంత దూరంలో చూడాలంటే మొదటి రౌండే సమయం.

లోటుపాట్లూ చెప్పాలి. కప్పు ఉన్నది సెంటర్ కోర్టుకూ 1వ కోర్టుకూ మాత్రమే. చినుకు పడగానే బయటి కోర్టుల మీద పట్టాలు కప్పేస్తారు, మళ్లీ ఆట మొదలవడానికి చాలా సేపు పడుతుంది. రాత్రి 9 దాటాక వెలుతురు తగ్గితే చెరి రెండు సెట్లు గెలిచి సమానంగా ఉన్న మ్యాచ్ కూడా మర్నాటికి వాయిదా పడుతుంది, మీ పాస్ మర్నాడు చెల్లదు. 2025 నుంచి, బంతి గీత దాటిందో లేదో చెప్పే లైన్ జడ్జిలను తీసేసి యంత్రంతో అవుట్ చెప్పిస్తున్నారు. పక్క కోర్టులో జనం గోల పెట్టినప్పుడు ఆ యంత్రం గొంతు ఆటగాళ్లకే సరిగ్గా వినపడదు, మనకేం వినపడుతుంది? లైన్ జడ్జి చెయ్యి చాపితే దూరం నుంచైనా తెలిసేది. ఈ మార్పు బయటి కోర్టుల్లో చూసేవాళ్లకు నష్టమే.

పాస్ కోసం క్యూ వింబుల్డన్ పార్కులో. లండన్ మెట్రో డిస్ట్రిక్ట్ లైన్‌లో సౌత్‌ఫీల్డ్స్ స్టేషన్‌లో దిగితే పావుగంట నడక. మొదటి రోజుల్లో తెల్లవారుజామున 6 లోపు చేరాలి. వెళ్లగానే తేదీ, నంబరు ఉన్న క్యూ కార్డు ఇస్తారు, అది ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. వింబుల్డన్ యాప్‌లో ఖాతా ముందే తెరిచి పెట్టుకోండి. గేట్లు తెరిచేది 10కి. ఒక్కొక్కరికి ఒక్క బ్యాగే, గట్టి పెట్టెలు రానివ్వరు. ఇంటి తిండి తెచ్చుకోవచ్చు కాబట్టి పులిహోర కట్టుకుని వెళ్లండి, లోపల ఆకలికి తగ్గట్టు కొనాలంటే జేబు ఖాళీ అవుతుంది.

మధ్యాహ్నం దాటాక యాప్‌లో రీసేల్ వరసలో చేరడం మరిచిపోవద్దు. పెద్ద కోర్టుల నుంచి తొందరగా వెళ్లిపోయేవాళ్ల సీట్లు 10, 15 పౌండ్లకు అమ్ముతారు, ఆ డబ్బు దాతృత్వానికి పోతుంది. బయట వెలుతురు తగ్గే వేళకు కప్పు కింద మ్యాచ్ ఇంకా నడుస్తూ ఉంటుంది, రాత్రి 11 వరకు ఆడొచ్చు. పగలంతా చిన్న కోర్టులు, సాయంత్రం ఈ సీటు, ఇదే సరైన పద్ధతి.

ఈ క్యూ మన వల్ల కాదనుకుంటే అంతకు ముందు వారం దగ్గర్లోని రోహాంప్టన్‌లో క్వాలిఫయింగ్ (అర్హత పోటీలు) చూడండి. 128 మంది మూడు రౌండ్లు ఆడితే 16 మందికి మెయిన్ డ్రాలో చోటు, మూడో రౌండ్ ఐదు సెట్ల మ్యాచ్. గురువారం వెళ్తే ఆ చివరి రౌండ్ దొరుకుతుంది.