లండన్ నుంచి బర్మింగ్‌హామ్: చుట్టపుచూపుకు ఏ టికెట్టు మేలు?

శనివారం పొద్దున లండన్‌లో బయలుదేరి, దారిలో మిల్టన్ కీన్స్‌లో స్నేహితుడిని పలకరించి, బర్మింగ్‌హామ్‌లో అక్కావాళ్లింట్లో భోంచేసి, రాత్రికి ఇల్లు చేరాలనుకుందాం. ఫలానా రైలుకే చెల్లే అడ్వాన్సు టికెట్టు కొనాలా, రద్దీ లేని వేళల్లో ఏ రైలైనా ఎక్కనిచ్చే ఆఫ్-పీక్ రిటర్న్ కొనాలా?

చాలా ముందుగా కొనగలిగితే ధరలో అడ్వాన్సుదే పైచేయి. లండన్ యూస్టన్ స్టేషన్‌లో అవంతి కంపెనీ రైలెక్కితే సుమారు గంటా ఇరవై నిమిషాల్లో బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్‌లో దిగవచ్చు. షరతులు మాత్రం గట్టివి. మన ఆలస్యం వల్ల రైలు తప్పితే ఆ టికెట్టు ఇక చెల్లదు. మధ్యలో దిగి, మరో రైలెక్కి వెళ్లడానికీ వీల్లేదు. మిల్టన్ కీన్స్‌లో ఆగాలంటే రెండు ముక్కలుగా కొనాలి. అంటే స్నేహితుడితో కబుర్లు ఎన్నింటికి ముగియాలో నెల ముందే తేల్చుకోవాలి!

అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో ఉంది. "ఐదున్నరకు రైలుంది" అంటే మన ఇళ్లలో ఎవరు వింటారు? లేవబోతుంటే బావగారు "టీ తాగి వెళ్దురుగాని" అంటారు. టీ ఒక్కటే ఎలా ఇస్తారు, బజ్జీలకు నూనె పొయ్యెక్కుతుంది. ఈలోగా అక్క ఆవకాయ సీసాకు కవరు మీద కవరు చుడుతుంటుంది. గడియారం చూసుకుంటూ బజ్జీ మింగడం మర్యాదా కాదు, సుఖమూ కాదు.

ఆఫ్-పీక్ రిటర్న్‌తో ఆ బెంగ ఉండదు. ఈ దూరానికి తిరుగు టికెట్టు సాధారణంగా నెల రోజులు చెల్లుతుంది కాబట్టి, పట్టుబట్టి రాత్రికి ఉంచేసుకున్నా నష్టం లేదు. దారిలో దిగి ఎక్కడానికీ మామూలుగా అభ్యంతరం ఉండదు. వెళ్లేటప్పుడు అడ్వాన్సు, వచ్చేటప్పుడు ఆఫ్-పీక్ కొంటే కలిసొస్తుందేమో అనిపిస్తుంది గానీ, ఇలాంటి దారుల్లో ఆఫ్-పీక్ ఒకవైపు టికెట్టుకూ రానూపోనూ టికెట్టుకూ తేడా తరచు నామమాత్రమే.

అందుకే నా ఓటు లండన్ నార్త్‌వెస్టర్న్ అనే మరో కంపెనీ వారి నెమ్మది రైలుకు, వారి రైళ్లకే చెల్లే ఆఫ్-పీక్ రిటర్న్‌కు. రెండు గంటలు దాటుతుంది, నిజమే. కానీ మిల్టన్ కీన్స్, రగ్బీ, కోవెంట్రీల మీదుగా వెళ్తుంది, అవంతిలో చెల్లే ఆఫ్-పీక్ కన్నా చవక. ఆ టికెట్టుతో అవంతి ఎక్కకూడదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

స్నేహితుడి మజిలీ లేకపోతే లండన్‌లోని మేరిల్‌బోన్ స్టేషన్ నుంచి బర్మింగ్‌హామ్ మూర్ స్ట్రీట్ వెళ్లే చిల్టర్న్ కంపెనీ రైలు హాయి. యూస్టన్‌లోలా బోర్డు వైపు మెడలు సాచి నిలబడి, ప్లాట్‌ఫారం నంబరు పడగానే పరుగెత్తే బాధ తక్కువ.

ఏది కొన్నా, టికెట్టు ధర తగ్గించే రైల్‌కార్డు చూసుకోండి. ఐదు నుంచి పదిహేనేళ్ల వయసు పిల్లలు వెంట ఉంటే ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ కార్డుతో పెద్దలకు మూడో వంతు, పిల్లలకు 60 శాతం తగ్గుతుంది. ఐదేళ్లు నిండనివారికి టికెట్టే అక్కర్లేదు. ఆదివారమైతే పట్టాల మరమ్మతులు ఉన్నాయేమో ముందురోజే చూడాలి, లేకపోతే సగం దారి బస్సులోనే.