లాట్‌కు తాళం ఎక్కడ వేయాలి: డేటాబేసులోనా, రెడిస్‌లోనా, జూకీపర్‌లోనా?

కర్నూలు మార్కెట్ యార్డులో ఒక ఉల్లిగడ్డల లాట్‌కు వేలం ముగియగానే, రెండు కౌంటర్లలోని ప్రోగ్రాములు ఆ లాట్ వివరాలను ఒకేసారి తెరిచి వేర్వేరు వ్యాపారుల పేర్లు రాశాయనుకుందాం. రికార్డులో చివర రాసిన పేరే మిగులుతుంది. మొదటి వ్యాపారి చేతిలో మాత్రం తన పేరుతో అచ్చయిన చీటీ ఉంటుంది. ఇలాంటి చిక్కు రాకుండా ఒక ప్రోగ్రామ్ పని ముగిసేదాకా మరొకదాన్ని ఆపి ఉంచేదే లాక్. రెండూ ఒకే కంప్యూటర్‌లో నడుస్తుంటే ఆ బాధ్యత ఆపరేటింగ్ సిస్టమ్‌ది. లాక్ పట్టుకున్న ప్రోగ్రామ్ చచ్చిపోతే దానికి వెంటనే తెలుస్తుంది. నెట్‌వర్క్‌కు అవతల ఉన్న ప్రోగ్రామ్ నుంచి జవాబు రానప్పుడు అది చచ్చిపోయిందో, తీగ తెగిందో, కాసేపు స్తంభించిందో ఇవతలి యంత్రానికి తెలిసే మార్గం లేదు. కింది పద్ధతులను ఈ ఒక్క సందేహం దగ్గర అవి ఎలా ప్రవర్తిస్తాయన్న దాన్నిబట్టే తూచాను.

ఈ రోజుల్లో ఎక్కువమంది ముందుగా మొగ్గేది, సమాచారాన్ని మెమరీలోనే ఉంచి వేగంగా అందించే రెడిస్ అనే సర్వర్ ప్రోగ్రామ్ వైపు. సెట్ ఆజ్ఞకు ఎన్‌ఎక్స్, పీఎక్స్ అనే ఎంపికలు జోడిస్తే, ఆ పేరుతో లాక్ లేనప్పుడే కొత్తది పుడుతుంది, చెప్పిన మిల్లీసెకన్లు గడవగానే దానంతటదే పోతుంది. వేగం బాగుంటుంది, రాయవలసిన కోడ్ కొద్దిపాటిదే, పట్టుకున్న ప్రోగ్రామ్ చచ్చిపోయినా లాక్ శాశ్వతంగా ఇరుక్కుపోదు. ఇబ్బందంతా ఆ ప్రోగ్రామ్ చావకుండా స్తంభించినప్పుడే. గడువు 30 సెకన్లు పెట్టామనుకుందాం. మొదటి ప్రోగ్రామ్ లాక్ తీసుకున్నాక మెమరీ శుభ్రపరిచే పనిలోనో, వర్చువల్ మెషీన్ ఆగడంవల్లనో 40 సెకన్లు కదలకుండా ఉండిపోయింది. ఈలోగా గడువు తీరి, లాక్ రెండో ప్రోగ్రామ్‌కు దక్కింది. మొదటిది తేరుకున్నాక, తాను ఆగిన సంగతే తెలియక, కొనుగోలుదారు పేరు రాసేస్తుంది. కేసీ కాలువ కింద వంతు నీళ్లు పెట్టుకునే రైతు కునుకు తీసి, వంతు దాటిపోయాక లేచి మడవ తిప్పుకున్నట్టు ఉంటుంది వ్యవహారం. ఆ తర్వాత అది లాక్‌ను తొలగిస్తే, పోయేది రెండో ప్రోగ్రామ్ లాక్. అందుకే లాక్‌లో ఎవరికి వారు ప్రత్యేకమైన విలువ రాసి, తొలగించే ముందు ఆ విలువ తనదేనా అని రెడిస్ లోపలే నడిచే ఒక చిన్న లువా స్క్రిప్టుతో సరిచూడాలి. దీంతో తొలగింపు దోషం తీరుతుంది గానీ రాత దోషం తీరదు.

రాత దోషానికి మందు వరుస సంఖ్య. లాక్ ఇచ్చిన ప్రతిసారీ అంతకుముందు కంటే పెద్ద సంఖ్య ఇస్తారు. మొదటి ప్రోగ్రామ్‌కు 57 వస్తే రెండోదానికి 58 వస్తుంది. లాట్ రికార్డులో చివరి సంఖ్య ఎంతో రాసి ఉంటుంది, అంతకంటే చిన్న సంఖ్యతో వచ్చిన రాతను డేటాబేసు తిరస్కరిస్తుంది. ఆలస్యంగా లేచిన 57 గడప దగ్గరే ఆగిపోతుంది. రెడిస్ సృష్టికర్త సాల్వటోరే శాన్‌ఫిలిపో ప్రతిపాదించిన రెడ్‌లాక్ పద్ధతిలో సాధారణంగా ఐదు వేర్వేరు సర్వర్లను అడిగి, కనీసం మూడు ఒప్పుకుంటేనే లాక్ దక్కినట్టు లెక్కిస్తారు. 2016లో కంప్యూటర్ శాస్త్ర పరిశోధకుడు మార్టిన్ క్లెప్‌మాన్ దాన్ని విమర్శిస్తూ, అది ఇలాంటి పెరిగే సంఖ్యను ఇవ్వదనీ, గడియారాలు సవ్యంగా నడుస్తాయన్న నమ్మకం మీద ఆధారపడుతుందనీ ఎత్తిచూపాడు. శాన్‌ఫిలిపో వివరంగానే జవాబిచ్చాడు గానీ, డబ్బుతో ముడిపడిన పనికి నేను క్లెప్‌మాన్ పక్షమే వహిస్తాను. ఒకే నివేదికను రెండుసార్లు తయారుచేయకుండా ఆపడం వంటి పనికి, అంటే లాక్ తప్పినా పోయేది కాస్త శ్రమ మాత్రమే అయినచోట, ఒక్క రెడిస్ సర్వర్ బాగా సరిపోతుంది.

పలు యంత్రాల మధ్య సమన్వయం కుదిర్చే జూకీపర్, ఎట్‌సీడీ అనేవి ఈ పనికి పుట్టుకతోనే తగినవి. జూకీపర్‌లో లాక్ కోరే ప్రతి ప్రోగ్రామూ వరుస సంఖ్యగల ఒక తాత్కాలిక నోడ్‌ను, అంటే చిన్న నమోదును, పెడుతుంది. అన్నిటికంటే చిన్న సంఖ్యగలది లాక్ పొందుతుంది, మిగిలినవి తమకు సరిగ్గా ముందున్నదాన్ని మాత్రమే కనిపెట్టుకుని ఉంటాయి. ప్రోగ్రామ్‌కు జూకీపర్‌తో ఉన్న సెషన్ తెగితే దాని నోడ్ మాయమవుతుంది. ఎట్‌సీడీలో అదే పనిని లీజు, అంటే గడువులోగా పొడిగించకపోతే రద్దయ్యే హక్కు, చేస్తుంది; పెరుగుతూపోయే రివిజన్ సంఖ్య దొరుకుతుంది కనుక పైన చెప్పిన అడ్డుకట్ట తేలికగా కట్టుకోవచ్చు. అయితే కనీసం మూడు యంత్రాలు పెట్టాలి, వాటిలో ఒకటి పడిపోయినా మిగిలిన రెండు నడిపిస్తాయి. ఆ మూడింటినీ ఒకే గదిలో ఒకే యూపీఎస్‌కు తగిలించే కార్యాలయానికి అంత ఖర్చు దేనికో నాకు అర్థం కాదు.

పంచుకున్న ఫోల్డర్‌లోని ఫైలు మీద లాక్ వేసే పాత పద్ధతి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతి మూడో వెర్షన్‌లో లాక్ వ్యవహారం వేరే ప్రోటోకాల్‌లో ఉండేది. నాలుగో వెర్షన్ దాన్ని తనలోనే కలుపుకుని లీజు పద్ధతి తెచ్చింది, లినక్స్ సర్వర్‌లో ఆ లీజు మామూలుగా 90 సెకన్లు. లినక్స్ 2.6.12కు ముందు ఎన్‌ఎఫ్‌ఎస్ ఫైలుపై ఎఫ్‌లాక్ అనే ఆజ్ఞతో లాక్ వేస్తే అది ఆ యంత్రం వరకే చెల్లేది, పక్క యంత్రానికి తెలిసేదే కాదు. ఫైలే ఆస్తి అయినప్పుడు తప్ప దీని జోలికి పోవద్దు.

మన లాట్ల ఉదాహరణకు నా ఓటు డేటాబేసుకే. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ అని పట్టికలో ఆ లాట్ ఉన్న వరుసను (రో) పట్టుకుంటే, లాకూ రికార్డూ ఒకే చోట ఉంటాయి. పట్టుకున్న ప్రోగ్రామ్ పోతే ట్రాన్సాక్షన్‌తో (అన్నీ పూర్తయితేనే చెల్లే రాతల కట్టతో) పాటు దాని సగం రాతలు కూడా రద్దవుతాయి. స్తంభించి లేచినదానికి కూడా, ఈలోగా సర్వర్ దాని కనెక్షన్ తెంపేసి ఉంటే, పాత ట్రాన్సాక్షన్‌ను ముగించే దారి ఉండదు. పట్టికలో వరుస అంటూ లేని పనులకు, మనం ఎంచుకున్న ఒక సంఖ్య మీద వేసే సలహా (అడ్వయిజరీ) లాకులున్నాయి. కానీ కొద్ది కనెక్షన్లను పలు ప్రోగ్రాములకు పంచే పీజీబౌన్సర్ మధ్యలో ఉండి, ట్రాన్సాక్షన్ ముగియగానే కనెక్షన్‌ను మరొకరికిచ్చే ట్రాన్సాక్షన్ పద్ధతిలో నడుస్తుంటే సెషన్‌కు కట్టిన లాక్ వేరొకరి చేతిలోని కనెక్షన్‌పై ఉండిపోతుంది కనుక, ట్రాన్సాక్షన్‌కు కట్టిన రకాన్నే వాడాలి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. కౌంటర్‌లో కరెంటు పోయి కంప్యూటర్ ఆరిపోతే, సెలవంటూ చెప్పిపోయే ప్యాకెట్ ఏదీ సర్వర్‌కు చేరదు. లినక్స్‌లో అవతలివారు ఇంకా ఉన్నారా అని కనుక్కునే కీప్‌అలైవ్ మొదటి పలకరింపుకు మామూలు వ్యవధి 7200 సెకన్లు, అంటే ఆ లాట్ రెండు గంటలకు పైగా ఇరుక్కుపోవచ్చు. పోస్ట్‌గ్రెస్ అమరికల్లో ఆ వ్యవధిని నిమిషంలోపుకు తగ్గించి, ట్రాన్సాక్షన్ తెరిచి ఊరకే కూర్చునే కనెక్షన్లకు కాలపరిమితి పెట్టి, వేచి ఉండేవారికి లాక్ టైమవుట్ కూడా ఇవ్వాలి.

రైతు ఖాతాకు డబ్బు పంపే దశను ఈ లాకుల కిందికి తేకూడదు, ఎందుకంటే మన వరుస సంఖ్యను బ్యాంకు సర్వర్ సరిచూడదు. ప్రతి చెల్లింపుకూ ఒక విడి సూచిక సంఖ్యను ముందే డేటాబేసులో రాసి, ఎన్నిసార్లు పంపినా అదే సంఖ్యతో పంపాలి. అదే సంఖ్యతో రెండోసారి వచ్చిన కోరికను అవతలివారు తోసిపుచ్చుతారన్న హామీని పని మొదలుపెట్టక ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.