రోజూ పెట్టుకునే గట్టి వాచీ: సెల్లుదా, సోలారా, ఆటోమేటికా?

"అన్నా, సైట్‌లో పెట్టుకోవడానికి ఏ వాచీ కొనమంటావు?"

ఈ ఏడాది ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. నా చేతికున్న నల్ల చదరపు వాచీ చూసి అడుగుతారు. తాడేపల్లి, మంగళగిరి వైపు ఇళ్ల కట్టుబడి పనులు చూస్తుంటాను. పొద్దున్నించి సాయంత్రం దాకా సిమెంటు దుమ్ము, క్యూరింగ్ నీళ్లు, సెంట్రింగ్ ఇనుము, చెమట. ఖాళీ ఆదివారం దొరికితే కొండపల్లి ఖిల్లా ఎక్కుతాం, లేదంటే పిల్లల్ని తీసుకుని సూర్యలంక పోతాం. అన్నిటికీ ఇదే వాచీ. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, నేను కొనేముందు ఏవేవి చూశానో, ఎందుకు ఇది తీసుకున్నానో ఇక్కడ రాస్తున్నాను.

దీనికి ముందు ముళ్లున్న మామూలు సెల్ వాచీ ఉండేది. వెనక నీటికి 100 మీటర్లు అని చెక్కి ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా అక్కావాళ్లు మొదటి అంతస్తులో చిక్కుకుపోయారు. రెండో రోజు పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు నెత్తిన పెట్టుకుని ఛాతీ లోతు నీళ్లలో నడిచి వెళ్లాను. వాళ్లింటికి చేరి టైమ్ చూద్దును గదా, అద్దం లోపల ఆవిరి పట్టింది. సాయంత్రానికి ముళ్లు ఆగిపోయాయి. 100 మీటర్ల వాచీ నాలుగడుగుల నీళ్లకు ఎలా పోయిందో అప్పుడు అర్థం కాలేదు.

నీళ్లు తగ్గాక అనుభవమున్న ఒక మెకానిక్ దాన్ని విప్పి చూపించాడు. వెనక మూత కింద సన్నటి రబ్బరు వాషర్ ఉంటుంది. అది తన గాడిలో లేదు. ఒకచోట నలిగి మూత అంచు కిందికి వచ్చేసింది. ఆరు నెలల ముందు వేరేచోట సెల్ మార్పించాను. మూత తీసి, సెల్ వేసి, అదే వాషర్ మీద మళ్లీ మూత నొక్కేశారు. అంతే. ఆ రోజు నుంచీ నా వాచీ 100 మీటర్ల వాచీ కాదు. ఆ సంగతి నాకే తెలీదు.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా నేను మొదట చూడమనేది ఒకటే: పదేళ్లలో ఆ వాచీ వెనక మూత ఎన్నిసార్లు తెరవాలి?

మీటర్ల లెక్క మీకు తెలిసే ఉంటుంది. 30 అంటే చేతులు కడుక్కోవడం, వాన చినుకులు. 50 అంటే మామూలు ఈత. 100 ఉంటే కాలవల్లో, బీచ్‌లో ఈతకు సరిపోతుంది. 200 ఉంటే ఇక బెంగ అక్కర్లేదు. కానీ ఆ అంకె కొత్త వాచీకి, నిలకడ నీటి ఒత్తిడిలో చేసిన పరీక్షకు సంబంధించింది. మూత విప్పిన ప్రతిసారీ వాషర్‌కు సిలికాన్ గ్రీజు రాసి, అరిగితే కొత్తది వేసి, ప్రెజర్ టెస్టు చేస్తేనే ఆ అంకె నిలుస్తుంది. వంద, రెండొందలు తీసుకుని సెల్ మార్చే చిన్న కొట్టులో ఆ మెషిన్ ఉండదు, వాళ్ల దగ్గర అది ఆశించడమూ న్యాయం కాదు. కంపెనీ సర్వీస్ సెంటరులో ఇస్తే చేస్తారు. అయితే సెల్ ఆగిపోయిన రోజున మనలో ఎంతమందిమి అక్కడిదాకా వెళ్తాం? దారిలో కనపడ్డ కొట్టులోనే ఇస్తాం.

ఈ లెక్కతో చూస్తే వరస మారిపోతుంది.

సెల్‌తో నడిచే కసియో కంపెనీ జీ-షాక్‌లు ముందు చూశాను. దెబ్బకు తట్టుకోవడంలో వీటికి సాటి లేదు, అది ప్రచారం మాట కాదు. తల్లిదండ్రులు కొనిచ్చిన వాచీ కింద పడి పగిలిపోయిందని కసియోలో ఇంజినీరుగా ఉన్న కికువో ఇబే ఈ పని మొదలుపెట్టాడు. రెండేళ్లలో దాదాపు 200 నమూనాలు చేసి, మూడో అంతస్తు కిటికీలోంచి కిందికి వేసి చూసేవాడు. పార్కులో ఒక పాప బంతి ఆడుతుంటే, బంతి మధ్యలో ఉన్నదానికి దెబ్బ తగలదు కదా అని తట్టిందట. అక్కణ్నుంచే లోపలి మెషిన్‌ను డొల్లలో తేలినట్టు కొన్ని బిందువుల దగ్గర మాత్రమే పట్టి ఉంచే ఏర్పాటు వచ్చింది. 1983 ఏప్రిల్‌లో మొదటి జీ-షాక్ డీడబ్ల్యూ-5000సీ అమ్మకానికి వచ్చింది.

ఆయన పెట్టుకున్న లక్ష్యాలు మూడు: 10 మీటర్ల ఎత్తు నుంచి పడ్డా పగలకూడదు, 10 బార్ (వాచీల లెక్కలో 100 మీటర్లు) నీటి ఒత్తిడికి తట్టుకోవాలి, బ్యాటరీ 10 ఏళ్లు రావాలి. మొదటి రెండూ అందరికీ గుర్తుంటాయి. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. నా ఉద్దేశంలో మిగతా రెంటినీ కాపాడేది ఆ మూడోదే. మూత తెరవకపోతే వాషర్ చెదిరి లోపలికి నీళ్లు పోయే ప్రమాదం ఉండదు.

ఇప్పుడు కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది 2019లో వచ్చిన ఎనిమిది పలకల జీఏ-2100. సన్నగా ఉంటుంది, చొక్కా కఫ్ కింద పడుతుంది, చూడ్డానికి బాగుంటుంది, 200 మీటర్లు. కానీ దానికి రెండు సెల్‌లు, కంపెనీ చెప్పే ఆయుష్షు మూడేళ్లు. అంటే పదేళ్లలో మూడుసార్లు మూత తెరవాలి. వెనక నాలుగు చిన్న స్క్రూలు. సరైన స్క్రూడ్రైవర్ లేకుండా తిప్పితే తల అరిగిపోతుంది, అరిగిన స్క్రూ మూతను సరిగ్గా పట్టదు. పైగా అందరూ ముచ్చటపడేది డయలూ ముళ్లూ అన్నీ నల్లగా ఉన్న రకం. మిట్టమధ్యాహ్నం ఎండలో బండి మీద పోతూ దానిలో టైమ్ చూడాలంటే చేయి అటూ ఇటూ తిప్పాలి. బండి నడిపేవాళ్లకు అది మంచిది కాదు.

నేను తీసుకున్నది సోలార్‌ది, పాత చదరపు రూపంలో ఉండే జీడబ్ల్యూ-ఎం5610. అద్దం చుట్టూ ఉన్న పట్టీ వెలుతురును కరెంటుగా మార్చి లోపలి బ్యాటరీకి పంపుతుంది. ఒకసారి నిండితే మళ్లీ వెలుతురు సోకకపోయినా మామూలు వాడకంలో పది నెలలు నడుస్తుందని కంపెనీ లెక్క. మన ఊళ్లో ఎండకు కొదవ ఏముంది? ఫుల్ చేతుల చొక్కా వేసుకునే నాకు కూడా ఛార్జింగ్ గుర్తు ఎప్పుడూ పై స్థాయి నుంచి దిగలేదు. ఆ బ్యాటరీ కూడా ఎప్పటికో ముసలిదవుతుంది, కాదనను. కానీ రెండు మూడేళ్లకోసారి కొట్టు చుట్టూ తిరిగే పని లేదు. దెబ్బలకు జీ-షాకే, నీటికి 200 మీటర్లే, బరువు 50 గ్రాములకు కాస్త పైన. చేతికి ఉన్నట్టే తెలీదు.

సైట్‌లో నాకు దీని స్టాప్‌వాచీ రోజూ పనికొస్తుంది. కాంక్రీటు కలిపే మిల్లరులో అది కనీసం రెండు నిమిషాలు తిరగాలని కట్టుబడి ప్రమాణాల కోడ్ చెబుతుంది. కూలీలు అలసిపోయినప్పుడు, మేస్త్రీ తొందరపడ్డప్పుడు మొదట కోత పడేది ఆ రెండు నిమిషాలకే. బటన్ నొక్కి పక్కన నిలబడితే ఎవరితోనూ వాదన ఉండదు. సిమెంటు చేత్తో కూడా నొక్కగలిగే బటన్లు ఇవి. సాయంత్రం కుళాయి కింద పెట్టి రుద్దేస్తాను.

ఇందులో నాకు నచ్చనివీ ఉన్నాయి. రేడియో సిగ్నల్‌తో టైమ్ తనే సరిచేసుకుంటుందని డబ్బా మీద పెద్దగా రాస్తారు. ఆ సిగ్నల్ ఇచ్చే స్టేషన్లు జపాన్, చైనా, అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో ఉన్నాయి. విజయవాడ, గుంటూరు వాటి పరిధిలోకి రావు. కాబట్టి ఆ సదుపాయానికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు. అది లేని సోలార్ చదరం దొరికితే అదే తీసుకోండి, మనకు తేడా ఏమీ ఉండదు. నెలకు 15 సెకన్ల లోపు తేడా వస్తుంది, నెలకోసారి ఫోన్ చూసి సరిచేసుకుంటే చాలు. ఇంకొకటి, చీకట్లో వదిలేస్తే రాత్రిపూట స్క్రీన్ ఆరిపోతుంది. కరెంటు పొదుపు కోసం అలా చేస్తుంది. బీరువాలో పెట్టి తీసినవాళ్లు పాడైందని టెన్షన్ పడతారు. వెలుతురులోకి తెస్తే వచ్చేస్తుంది. ఛార్జింగ్ కావాలని కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టొద్దు. అద్దాలు మూసిన కారులో మే నెల వేడికి ఆ బ్యాటరీ పాడవుతుంది. ధర పదివేలకు అటూ ఇటూ ఉంటుంది, ఆఫర్లను బట్టి మారుతుంది. నలుపు మీద తెల్ల అంకెలుండేది తీసుకోకండి, తెల్ల నేల మీద నల్ల అంకెలున్నదే ఎండలో బాగా కనిపిస్తుంది.

ముళ్ల వాచీయే కావాలి, ఆఫీసుకూ బాగుండాలి అనేవాళ్లకు సిటిజన్ ఎకో-డ్రైవ్. ఇదీ వెలుతురుతో నడిచేదే. వాటిలో బీఎం8180 అని గుడ్డ బెల్టుతో వచ్చేది ఉంది: డయల్ మీద అంకెలు పెద్దవి, వారం, తేదీ ఉంటాయి, 100 మీటర్లు, ఒకసారి నిండితే దాదాపు ఆరు నెలలు. దెబ్బల మాటకొస్తే జీ-షాక్‌తో పోల్చలేం. కానీ టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, వారాంతంలో కొండలెక్కేవాళ్లు అడిగితే నేను దీని పేరే ముందు చెబుతాను. మాటిమాటికీ మూత తెరిచే పని దీనికీ ఉండదు.

ఇక ఆటోమేటిక్. సీకో 5 మీద చాలామందికి మోజు. నాకూ ఉంది. సెల్ లేదు, చేయి కదిలితే చాలు, తిరిగే చక్రం అద్దంలోంచి కనిపిస్తుంటే ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది. మా నాన్నగారి హెచ్ఎంటీకి రోజూ పొద్దున కీ ఇవ్వడం చూస్తూ పెరిగినవాణ్ని. ఆ వాచీ ఇప్పటికీ నడుస్తుంది, పెళ్లిళ్లకు అదే పెట్టుకుంటాను. కానీ రోజూ వాడే గట్టి వాచీగా ఆటోమేటిక్‌ను నేను చెప్పను. ఇప్పటి సీకో 5 స్పోర్ట్స్‌లో ఉండే 4ఆర్36 మెషిన్‌కు కంపెనీ ఇచ్చే హామీ రోజుకు 45 సెకన్లు ముందుకు, 35 సెకన్లు వెనక్కి. అదీ 5 నుంచి 35 డిగ్రీల వేడి మధ్య. బెజవాడ ఎండాకాలంలో నీడన కూడా 40 దాటుతుంది. రెండు రోజులు పక్కన పెడితే 41 గంటలకు ఆగిపోతుంది. డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకునే చేతికి, సుత్తి దెబ్బల అదురుకు లోపలి సన్నటి స్ప్రింగులు పడే బాధ వేరే. కొన్నేళ్లకోసారి విప్పి శుభ్రం చేయించి నూనె వేయించాలి, దానికి చేయి తిరిగినవాడు కావాలి. పాతికవేలు దాటిన వస్తువును సిమెంటులో ముంచడానికి మనసొప్పదు. మనసొప్పని వాచీ ఇంట్లోనే ఉండిపోతుంది.

డబ్బు తక్కువుంటే కసియో ఎఫ్-91డబ్ల్యూ. 1989 నుంచీ అదే రూపం, రెండు వేల లోపే, సెల్ ఏడేళ్లు, బరువు 21 గ్రాములు. నీళ్లకు చినుకుల వరకే. కాలవలో దూకేవాళ్లకు కాదు. టైమెక్స్ ఎక్స్‌పెడిషన్‌లో రాత్రిపూట లైటు బాగుంటుంది, మిగతా అన్నిటిలో సెల్ వాచీల లెక్కే. స్మార్ట్ వాచీలు ఈ వరసలోకి రావు. సింగ్‌నగర్‌లో కరెంటు లేని ఆ రోజుల్లో మా మేనల్లుడి స్మార్ట్ వాచీ మర్నాటికే నల్లబడింది. నడక లెక్కకు, గుండె లెక్కకు అది వేరే అవసరం. ఫుట్‌పాత్ మీద ఐదొందలకు దొరికే జీ-షాక్‌లు నకిలీవి, లోపల ఆ డొల్ల ఏర్పాటును గానీ, వాషర్‌ను గానీ నమ్మలేం.

బెల్టు గురించి. మన చెమటకు తోలు బెల్టు ఒక్క వేసవికే వాసన వేస్తుంది. స్టీలు చైను బాగుంటుంది గానీ సిమెంటు దుమ్ము కీళ్లలో చేరి గట్టిపడుతుంది. రబ్బరులాంటి రెసిన్ బెల్టే మేలు. దానికీ ఆయుష్షు కొన్నేళ్లే, రంధ్రాల దగ్గర పగులు కనిపించగానే మార్చేయండి. బెల్టు మార్చడానికి వెనక మూత విప్పక్కర్లేదు, పిన్ను నొక్కితే వచ్చేస్తుంది. సూర్యలంక నుంచి వచ్చిన రోజు మంచినీళ్లతో కడగండి, ఉప్పు బటన్ల సందుల్లో పేరుకుంటే బిగుసుకుపోతాయి. నీళ్లలో ఉన్నప్పుడు బటన్లు నొక్కొద్దు. వేడినీళ్ల స్నానానికి మాత్రం ఎంత గట్టి వాచీ అయినా తీసి పక్కన పెట్టండి, వేడికి, సబ్బుకు వాషర్ తొందరగా చెడిపోతుంది.

ఇప్పటికే సెల్ జీ-షాక్ ఉన్నవాళ్లు దాన్ని పక్కన పడేయక్కర్లేదు. సెల్ అయిపోయిన రోజున కొత్త వాషర్ వేసి ప్రెజర్ టెస్టు చేసేచోటే ఇవ్వండి. ఇచ్చేముందు "వాషర్ కొత్తది వేస్తారా?" అని అడగండి. అక్కర్లేదన్నారంటే వాచీ జేబులో వేసుకుని ఇంకో చోటికి వెళ్లండి.