కోళ్ళకీ మేకలకీ కాపలాగా జోనంగి: మా తోటలో ఎలా పనిచేస్తోందంటే

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నాటుకోళ్ళని బయట వదిలి పెంచేవాళ్ళు, తోటలో నాలుగు మేకలు కట్టుకున్నవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. అందరూ ఏదో ఒక రోజు అడిగేది ఒకటే, కాపలాకి ఏ కుక్కని తెచ్చుకుంటే మంచిదని. మాది కంకిపాడు దాటాక కాలవ పక్కన చిన్న తోట. మేం కొల్లేరు వైపు బాతులు మేపుకునే ఒక కుటుంబం దగ్గర జోనంగి అనే జాతి కుక్కపిల్లని తెచ్చుకున్నాం. ఇప్పుడు దానికి రెండేళ్ళు దాటాయి, అంటే పూర్తిగా ఎదిగింది కాబట్టి దాని గురించి మాట్లాడొచ్చు. మళ్ళీ కొనాల్సొస్తే ఇదే కొంటాను, కానీ అందరికీ ఇదే కొనమని మాత్రం చెప్పను.

కుక్క సంగతికి ముందు, మీ కోళ్ళని ఎవరు ఎత్తుకుపోతున్నారో చూసుకోండి. మా వైపు రాత్రిళ్ళు నక్క, అడవిపిల్లి వస్తాయి. పగలు ముంగిస గట్ల వెంట తిరిగి గుడ్లు, పిల్లల్ని పట్టుకుపోతుంది, పైనుంచి గద్ద సరేసరి. వీటన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేవి గుంపుగా వచ్చే ఊరకుక్కలు, ఒక్క రాత్రి షెడ్డులో దూరాయంటే తినేది ఒకటో రెండో, చంపి పడేసేవి మాత్రం దొరికినన్ని. నక్కకీ ఊరకుక్కలకీ కుక్క సమాధానం. గద్దకి వల కట్టాల్సిందే, పందికొక్కులకి, పాములకి గూడు అడుగున సన్న జాలీ వేయించాల్సిందే. కుక్కొచ్చింది కదా అని తలుపు తీసిపెట్టి పడుకుంటే ఏ కుక్కా కాపాడలేదు.

విజయవాడలో పెట్ షాపుకెళ్ళి కాపలా కుక్క కావాలంటే చాలాచోట్ల ముందు జర్మన్ షెపర్డ్, ఆ తర్వాత రాట్‌వీలర్ చూపిస్తారు. రెండూ మంచి కుక్కలే, ఇల్లూ మనిషీ కాపలాకి. కోళ్ళ మధ్య రోజంతా ఉండాల్సిన కుక్కకి కావాల్సిన గుణం వేరు. రెక్కలు టపటపలాడిస్తూ పరిగెత్తే దాన్ని చూసి కూడా వెంటపడకుండా ఉండగలగాలి. కుక్కకి అన్నిటికంటే కష్టమైన పని అదే, మేకల దగ్గర బుద్ధిగా ఉండే కుక్క కూడా కోడి ఎగిరేసరికి ఆగలేదు. మేం వెళ్ళిన ఒక షాపులో పిల్లకి నెల కూడా నిండలేదు, తల్లిని చూపించమంటే వేరే ఊళ్ళో ఉందన్నారు, టీకాల కార్డు ఇచ్చారు గానీ అందులో స్టిక్కర్ ఒక్కటీ లేదు. రెండు నెలలు నిండని పిల్లని అమ్మకూడదని 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లోనే ఉంది. ఇది కాగితం మీది రూలు మాత్రమే కాదు, తల్లి దగ్గరా తోటి పిల్లల దగ్గరా ఆ మొదటి వారాలు గడపని కుక్కకి ఎంత గట్టిగా కొరకొచ్చో ఎక్కడ ఆగాలో సరిగ్గా తెలియదు, కోడిపిల్లల మధ్య వదలాల్సిన కుక్కకి తెలియాల్సింది ముందు అదే.

వీడియోల్లో చూసి గ్రేట్ పైరనీస్, కంగాల్, మరెమ్మా లాంటివి తెప్పించుకుందామని అడిగేవాళ్ళూ ఉన్నారు. అవి నిజంగా మందల కోసమే తరతరాలుగా పెంచిన జాతులు, పనిలో వాటికి వంక పెట్టలేం. కానీ మంచు కొండల్లో, చలి గాలుల్లో తిరిగే ఒత్తు బొచ్చు కుక్కని మే నెలలో 45 డిగ్రీలు తాకే బెజవాడ ఎండలో తోటలో వదలడం నా మనసుకి ఒప్పదు. పగలంతా రొప్పుతూ నీడన పడుండే కుక్క ఇక కోళ్ళనేం చూస్తుంది? పైగా 2024 మార్చిలో కేంద్రం ప్రమాదకరమైనవంటూ 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపాలని ఉత్తర్వు ఇచ్చినప్పుడు అందులో కంగాల్, రాట్‌వీలర్ కూడా ఉన్నాయి. ఆ ఉత్తర్వుని కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు ఏప్రిల్‌లో కొట్టేశాయి, అయినా కొనేముందు ఈ సంగతి తెలిసుండాలి. మన దక్షిణాది కుక్కల్లో రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ ఎండకి తట్టుకుంటాయి, కానీ అవి వేట కుక్కలు, పరిగెత్తే దాన్ని తరమడం వాటి రక్తంలోనే ఉంది. కోళ్ళున్న చోటికి నేనైతే తేను.

జోనంగి మన కుక్క. ఒకప్పుడు కోస్తా పొడుగునా ఉండేదట, ఇప్పుడు ఎక్కువగా కొల్లేరు చుట్టూనే కనిపిస్తుంది. పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు, సన్నని గట్టి ఒళ్ళు. అక్కడివాళ్ళు దీన్ని బాతుల మందలు తోలడానికి వాడేవారు. చేపల చెరువులు పెరిగి బాతులు తగ్గాక కుక్కలూ తగ్గిపోయాయి, కొన్ని చెరువుల కాపలాకి మారాయి. వందల బాతుల మధ్య ఒక్కదాన్నీ కొరక్కుండా తిరిగిన కుక్క మన పక్కనే ఉండగా షాపుల వెంట తిరగడం ఎందుకని అటు వెళ్ళాం.

అక్కడ నాకు బాగా నచ్చింది వాళ్ళు తల్లిని చూపించిన తీరు. గట్టు మీద తల్లికి పళ్ళెంలో అన్నం పెట్టారు, అది తింటుంటే ఒక బాతు వచ్చి పళ్ళెంలో ముక్కు పెట్టింది. తల్లి గుర్రుమనలేదు, మూతి పక్కకి తిప్పి ఒక నిమిషం ఆగి, బాతు వెళ్ళాక మళ్ళీ తింది. కుక్కని కొనే ప్రతి ఒక్కరూ చూడాల్సిన పరీక్ష ఇది. జాతి పేరు తర్వాత, తల్లి పక్షుల దగ్గర ఎలా ఉందో ముందు. పిల్లల్లో మీద పడి చెప్పులు కొరికేదాన్ని, మూలకి నక్కేదాన్ని వద్దని, కాసేపు మమ్మల్ని చూసి తర్వాత తన మానాన తను పడుకున్నదాన్ని వాళ్ళే ఎంచి ఇచ్చారు. రెండు నెలలు నిండేదాకా పిల్లని ఇవ్వం అన్నారు, ఇవ్వలేదు కూడా. షాపులో అడిగిన ధరలో మూడో వంతు కూడా కాలేదు. లోటు ఏంటంటే టీకాలు వెయ్యలేదు, కాగితాలేవీ ఉండవు. జోనంగి పేరు చెప్పి సంకరం పిల్లల్ని అమ్మేవాళ్ళు కూడా తగులుతారు కాబట్టి తల్లినీ తండ్రినీ చూడకుండా డబ్బు ఇవ్వకండి. మేం తెచ్చిన వెంటనే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులకి టీకాలు మూడు నాలుగు వారాలకోసారి నాలుగు నెలల వయసు వచ్చేదాకా, రేబిస్ మూడో నెలలో, ఆ తర్వాత ఏటేటా. ఇందులో బేరాల్లేవు.

పెంచడం దగ్గరే అసలు కష్టం. మొదటి నెలల్లో కోళ్ళ పక్కనే జాలీ అడ్డంగా పెట్టి దాన్ని ఉంచాం, రాత్రింబవళ్ళు వాటి వాసన, చప్పుడు అలవాటు అవ్వాలని. బయటికి తెస్తే పొడుగు తాడుతోనే. ఆరో నెల నుంచి ఏడాది దాటేదాకా బాగా టెన్షన్ పెట్టింది. అది కోపంతో కాదు, ఆటగా తరుముతుంది, కోడికి మాత్రం అది ఆట కాదు కదా. చాలామంది ఈ వయసులోనే విసిగిపోయి కుక్కని వదిలించుకుంటారు, ఒక్క ఏడాది ఓపిక పడితే కుదురుతుంది. ఒక నియమం మాత్రం గట్టిగా పాటించాం, చచ్చిన కోడిని గానీ కోసినప్పుడు మిగిలిన పేగుల్ని గానీ దాని ముందు వెయ్యలేదు. మా పిల్లల కోడి ఒకటి, మహా గయ్యాళి, జాలీ తలుపు తీసిన కొత్తలో రెక్కలు విప్పుకుని వచ్చి దీని ముక్కు మీద పొడిచింది. అప్పట్నుంచి పిల్లల కోడి కనిపిస్తే చాలు, లేచి రెండడుగులు పక్కకి జరిగి అటు తిరిగి పడుకుంటుంది. మేం నేర్పలేనిది ఆ కోడి నేర్పింది.

ఇప్పుడు రాత్రి కంచె వెంబడి తనంతట తనే తిరుగుతుంది. ఊరకుక్కల గుంపు కాలవ అవతలే ఆగిపోతోంది, నక్క కూత దూరంగా వినిపిస్తుంది తప్ప లోపలికి రావడం మానేసింది. ముంగిస మాత్రం ఇంకా అప్పుడప్పుడూ గుడ్లు కొట్టేస్తోంది. మేకల దగ్గర పేచీ లేదు, కానీ ఈనే రోజు మేకని వేరే కట్టి ఉంచుతాం.

వంకలు కూడా చెప్పాలి. ఇది మామూలు కుక్కలా భౌ భౌమని మొరగదు, తల పైకెత్తి సాగదీసి ఒకరకంగా పాడినట్టు కూస్తుంది. షెడ్డుకి దూరంగా ఇల్లున్నవాళ్ళకి అది వినపడదు. మేం తోడుగా ఒక ఊరకుక్క పిల్లని కూడా పెంచాం, అది అరుస్తుంది, ఇది అడ్డుకుంటుంది, జోడీ బాగా కుదిరింది. రెండోది, జోనంగి ఒక్క మనిషికే లోబడుతుంది. మా ఇంట్లో నా మాటే వింటుంది, తోటలో పనిచేసే అబ్బాయి పిలిస్తే తలెత్తి చూసి ఊరుకుంటుంది. యజమాని వారానికోసారి వచ్చి చూసుకునే ఫారాలకి ఇది పనికిరాదు. గోతులు తవ్వి అందులో పడుకోవడం దీని అలవాటు, నారుమడి, కూరగాయల మడి ఉంటే కంచె వేసుకోవాల్సిందే. వానాకాలం గోమార్ల బెడద ఎక్కువ, జ్వరం తెప్పిస్తాయి, చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో వెతికి చూస్తుండాలి. బొచ్చు తక్కువ కాబట్టి సంక్రాంతి చలికి గోనె పట్టా పరచాలి.

రాత్రి తోటలో ఎవరూ పడుకోని వాళ్ళు, ఏడాది పాటు దాని వెనక తిరిగే తీరిక లేనివాళ్ళు కుక్క జోలికి పోకుండా ఆ డబ్బుతో జాలీ, గట్టి తలుపు, లైటు పెట్టించుకుంటే మేలు. తీరికున్నవాళ్ళు పిల్ల కోసం వరి కోతలయ్యాక వెళ్ళండి. ఆ రోజుల్లో రాలిన గింజల కోసం బాతుల మందల్ని పొలాల్లోకి తోలుతారు, పొద్దున్నే వెళ్తే తల్లి పనిలో ఉండగానే చూడొచ్చు.