మైక్రోవేవ్ ఓవెన్ కొంటున్నారా? గాజు పళ్లెం మీద బరువు పెట్టి చూశాకే డబ్బు కట్టండి

పండుగ తగ్గింపుల్లో మైక్రోవేవ్ ఓవెన్ కొనాలనుకునేవారు దయచేసి ఇది చదివి బయలుదేరండి. మా ఇంట్లో జరిగింది మరొకరి ఇంట్లో జరగకూడదనే రాస్తున్నాను.

కిందటి దసరాకు 20 లీటర్ల సోలో ఓవెన్ (గ్రిల్ లేని మామూలు రకం) కొన్నాం. దుకాణంలో ఒక గ్లాసు నీళ్లు పెట్టి చూపించారు. దీపం వెలిగింది, పళ్లెం తిరిగింది, నీళ్లు కాగాయి. ఇక చూడవలసింది ఏముందనుకుని తెచ్చుకున్నాం.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం రాత్రి, మధ్యాహ్నం మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టిన కోడికూరను పెద్ద గాజు గిన్నెతో సహా లోపల పెట్టి మూడు నిమిషాలు వేడి చేశాను. అంచుల్లో నూనె కుతకుతలాడుతోంది, ఆవిరి లేస్తోంది. అమ్మకు వడ్డించాను. రెండో ముద్దకు "ముక్క చల్లగా ఉందే" అంది, అన్నం వదిలేయడం ఇష్టం లేక అలాగే తినేసింది. తెల్లవారేసరికి వాంతులు, విరేచనాలు. 71 ఏళ్ల మనిషికి రెండు రోజులు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. నిల్వ ఉన్న మాంసం లోపలి దాకా వేడెక్కకపోవడం వల్లే కావచ్చని డాక్టరు అన్నారు. అమ్మ ఆ మాట అన్నప్పుడే కంచం తీసేయనందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇంటికి వచ్చాక అదే గిన్నె నిండా నీళ్లు పోసి పెట్టి, తలుపు అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. పళ్లెం కాస్త కదిలింది, ఆగిపోయింది. కింద మోటారు గరగరమంటూనే ఉంది. గిన్నె తీస్తే మళ్లీ చక్కగా తిరిగింది. పళ్లెం ఎత్తి చూస్తే, మోటారు నుంచి గాజుకు కదలిక అందించే మూడు రెక్కల ప్లాస్టిక్ ముక్క అంచులు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. మూడు వారాల వాడకానికి అంత అరుగుదల రాదు. ప్రదర్శనకు పెట్టిన ఓవెన్‌నే కొత్తదని మాకు అంటగట్టారని నా నమ్మకం.

పళ్లెం తిరగకపోతే ఏమవుతుంది, వేడి అయితే వస్తోంది కదా అని సర్వీసు మనిషి కూడా అన్నాడు. అక్కడే అసలు ప్రమాదం ఉంది. ఈ ఓవెన్లలో 2450 మెగాహెర్ట్జ్ తరంగాలు పుడతాయి. వాటి పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. లోపలి ఇనుప గోడలకు తగిలి వెనక్కు వచ్చే తరంగాలు కొన్నిచోట్ల ఒకదానికొకటి తోడై తీవ్రంగా వేడి చేస్తాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పైగా అవి ఆహారంలోకి రెండు మూడు సెంటీమీటర్ల వరకే బలంగా చొచ్చుకుపోతాయి. అంతకంటే లోపలి భాగానికి వేడి మెల్లగా పాకవలసిందే. తిరిగే పళ్లెం, మధ్యలో మనం కలిపే గరిటె, దించాక రెండు నిమిషాలు మూతపెట్టి ఉంచడం, ఈ మూడూ ఉంటేనే వేడి సమానంగా అందుతుంది.

నమ్మకం కుదరనివారు నేను చేసినట్టే చేసి చూడండి. ఆ ప్లాస్టిక్ ముక్కను తీసేసి, తిరగని పళ్లెం మీద పచ్చి అప్పడాలు పరిచి అర నిమిషం ఓవెన్ వేశాను. ఒకే అప్పడంలో ఒక పక్క తెల్లగా పొంగి పొక్కులు లేచింది, నాలుగు వేళ్ల అవతల పసుపుపచ్చగా, పచ్చిగా అలాగే ఉంది. మా అమ్మ తిన్న ముక్క ఆ పచ్చి చోటే ఉండి ఉంటుంది.

వాపసు గడువు ఏడు రోజులే, అది దాటిపోయిందని దుకాణం వారు చేతులు దులుపుకున్నారు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫిర్యాదు చేశాకే కదలిక వచ్చింది. మోటారూ, ఆ ముక్కా ఉచితంగా మార్చారు, ఓవెన్‌ను మాత్రం మార్చలేదు.

కాబట్టి దుకాణంలో గ్లాసుతో సరిపెట్టనివ్వకండి. రెండు లీటర్ల నీళ్ల గిన్నె పెట్టించి, ఐదు నిమిషాలు కన్నార్పకుండా చూడండి. పళ్లెం ఒకసారి కుడికీ, మరోసారి ఎడమకూ తిరిగితే అది లోపం కాదు, ఆ మోటార్ల స్వభావమే అంత. గిన్నె ఓవెన్ గోడలకు తగలకుండా మాత్రం చూసుకోండి. పెట్టె మీద 1200 వాట్లు అని ఉంటే అది తీసుకునే కరెంటు కావచ్చు, వంటకు అందేది వేరే అంకె, దాన్ని అడగండి. ఇంట్లో వంట థర్మామీటరు ఉంటే ఒక లీటరు చల్లని నీళ్లను పూర్తి శక్తితో రెండు నిమిషాలు వేడి చేసి, కలిపి, ఎన్ని డిగ్రీలు పెరిగిందో చూసి 35తో హెచ్చవేయండి. ఇంచుమించు వాట్లు తెలుస్తాయి. 700 అన్న మా ఓవెన్‌లో పెరిగింది 15 డిగ్రీలే, అంటే 525. అదే థర్మామీటరును మిగిలిన కూరలో మధ్యన గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి, అంచున చూపిస్తే చాలదు.

ఇప్పటికే కొని తెచ్చుకున్నవారు ఈ రాత్రే బరువైన గిన్నె పెట్టి చూడండి. పళ్లెం ఆగితే ఫోనులో వీడియో తీసి, బిల్లుతో కలిపి, వాపసు గడువు దాటకముందే దుకాణానికి పంపండి.