ఆర్బరిస్టు పరీక్ష అధ్యయన గ్రంథం: పాసయ్యాక కూడా బండిలోనే ఉన్న పుస్తకం

ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్, టూకీగా ఐఎస్ఏ, ఇచ్చే సర్టిఫైడ్ ఆర్బరిస్టు (చెట్ల సంరక్షణ నిపుణుడు) ధ్రువపత్రం గురించి నన్ను అడిగేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. ఆ సంస్థ ప్రచురించే అధ్యయన గ్రంథం ఒక్కటి చదివితే చాలా? పాసవడానికి దాదాపు చాలు. చెట్టు కింద నిలబడి ఇంటి యజమాని అడిగినదానికి జవాబు చెప్పడానికి చాలదు. నేను టెక్సస్‌లో డాలస్ చుట్టుపక్కల చెట్ల సంరక్షణ పని చేస్తాను. పరీక్ష పాసై, ధ్రువపత్రాన్ని ఒకసారి పునరుద్ధరించుకున్నాక కూడా ఆ పుస్తకం నా బండి ముందు సీటు కిందే ఉంది. అట్ట ఊడింది. నేల గురించిన అధ్యాయంలో ప్రతి పేజీ అంచునా మట్టి వేళ్ల ముద్రలే.

పరీక్ష సంగతి క్లుప్తంగా చెబుతాను. మూడేళ్ల పూర్తికాలపు పని అనుభవం ఉండాలి. ఉద్యాన, అటవీ శాస్త్రాల వంటి సంబంధిత డిగ్రీ ఉంటే ఆ గడువు తగ్గుతుంది. నేను రాసినప్పుడు నాలుగేసి జవాబులతో 200 ప్రశ్నలు, మూడున్నర గంటల సమయం. చెట్టు జీవశాస్త్రం, నేల, నాటడం, కత్తిరింపు, తెగుళ్లు, ప్రమాద అంచనా, పనిలో భద్రత, ఇలా మొత్తం పది విభాగాలు. తెలుగులో పరీక్ష లేదు. స్పానిష్‌లో ఉంది, నాతో పనిచేసే వాళ్లలో కొందరు ఆ భాషలోనే రాశారు.

పుస్తకంలో మొట్టమొదట మెచ్చుకోవలసినవి జీవశాస్త్రం, కత్తిరింపు అధ్యాయాలు. చెట్టుకు గాయం మన ఒంటి మీద గాయంలా మానదు. చెడిన భాగాన్ని లోపలే గోడలు కట్టి వేరు చేసి, దాని మీదుగా కొత్త కలప పెంచుకుంటూ పోతుంది. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో 1970లలో సూత్రీకరించిన ఈ విషయాన్ని నాలుగు గోడలుగా చెబుతారు. పైకీ కిందికీ పాకే కుళ్లును ఆపే మొదటి గోడ అన్నిటికన్నా బలహీనం. గాయం తర్వాత కేంబియం, అంటే బెరడు కింద కొత్త కణాలు పుట్టించే పొర, కొత్తగా కట్టే నాలుగో గోడ అన్నిటికన్నా గట్టిది. ఈ రెండు ముక్కలు మనసుకు పడితే కత్తిరింపు అధ్యాయంలో బట్టీ పట్టాల్సింది పెద్దగా మిగలదు. కొమ్మ మొదట్లో ఉబ్బుగా కనిపించే పట్టీని ఎందుకు ముట్టుకోకూడదో, కాండానికి ఆనించి నున్నగా కోస్తే ఏమవుతుందో వాటంతట అవే తెలిసిపోతాయి.

ఇది కళ్లతో చూడవలసిన విషయం. లైవ్ ఓక్ అనే ఓక్ జాతి చెట్టు కొమ్మను ఆ పట్టీకి అవతల సరిగ్గా కోస్తే, రెండు మూడేళ్లకు గాయం చుట్టూ కొత్త కలప నిండు వలయంగా, అన్ని వైపులా ఒకే మందంతో పొంగుతుంది. కాండానికి ఆనించి కోసిన చోట రెండు పక్కలే ఉబ్బుతాయి. పైనా కిందా బోసిగా ఉండి, గాయం నిలువు కన్నులా మిగులుతుంది. చదివేటప్పుడు ఇది బొమ్మ మాత్రమే. ఇప్పుడు పాత ఖాతాదారుల ఇళ్లకు వెళ్లినప్పుడల్లా ముందు నా పాత కోతల దగ్గరికే నడుస్తాను, పలకరింపులు ఆ తర్వాత. ఖాతాదారులకు ఇది వింతగానే తోస్తుంది.

నేల అధ్యాయం చప్పగా ఉందని చాలామంది దాటేస్తారు. నాకు మాత్రం అందులోనే ఎక్కువ గిట్టుబాటైంది. డాలస్ కింద పరుచుకున్నది బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ నల్లమట్టి. నేల శాస్త్రవేత్తలు దీన్నీ మన గుంటూరు, కర్నూలు నల్లరేగడినీ ఒకే వర్గంలో చేర్చి వర్టిసాల్స్ అంటారు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. తడిమట్టిని బొటనవేలు, చూపుడు వేలి మధ్య నొక్కి పట్టీలా లాగితే రెండంగుళాలు దాటినా తెగదు. క్షారగుణం ఎక్కువ కావడంతో ఇక్కడ పిన్ ఓక్ అనే మరో ఓక్ జాతి ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగులుతాయి. నేలలో ఇనుము లేక కాదు, ఉన్నది వేళ్లకు అందని రూపంలో ఉంటుంది. ఎరువు పోస్తే సరిపోతుందనుకునే యజమానికి దీన్ని వివరించడానికి ఆ అధ్యాయంలోని రెండు పేజీలు నాకు జీతం తెచ్చిపెట్టాయంటే అతిశయోక్తి కాదు.

లెక్కలంటే భయపడేవారికి ఒక మాట. కష్టమైన గణితమేమీ లేదు. ఎరువు సంచి మీద 30-10-7 అని ఉంటే (మొదటి అంకె నత్రజని శాతం), వెయ్యి చదరపు అడుగులకు 3 పౌండ్ల నత్రజని పడాలంటే ఎన్ని పౌండ్ల ఎరువు వేయాలి? మూడును 0.30తో భాగిస్తే 10. తికమక పెట్టేది కొలమానాలే. కాండాన్ని ఇక్కడ నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున కొలుస్తారు, అంటే మన అటవీ శాఖ వారి 1.37 మీటర్లే. కాకపోతే అక్కడ చుట్టుకొలత రాస్తారు, ఇక్కడ వ్యాసం అడుగుతారు. మన దగ్గర పనిచేసి వచ్చినవాళ్లు 3.14తో భాగించడం అలవాటు చేసుకోవాలి.

ఇక చాలని చోట్లు. పుస్తకం అన్ని ప్రాంతాలకూ కలిపి రాసింది కాబట్టి మీ ప్రాంతపు చెట్ల గురించి ప్రత్యేకంగా చెప్పదు. గాయాలకు రంగు పూస్తే కుళ్లు ఆగదని ఈ శాస్త్రం అంతా చెబుతుంది, నిజమే. కానీ టెక్సస్‌లో ఓక్ చెట్టు కోశారంటే వెంటనే, ఏ కాలమైనా సరే, రంగు పూయాల్సిందే. కుళ్లు ఆపడానికి కాదు. ఓక్ విల్ట్ అనే శిలీంధ్ర తెగులును రసం పీల్చే చిన్న పురుగులు తాజా గాయాల మీదికి మోసుకొస్తాయి. ఆ తెగులు నీటి నాళాలను మూసేస్తుంది. పక్కపక్క లైవ్ ఓక్‌ల వేళ్లు ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి కనుక ఒక చెట్టుకు సోకితే వీధి అంతా పాకుతుంది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్‌లను కోయవద్దని టెక్సస్ ఏ అండ్ ఎం అటవీ సేవా సంస్థ చెబుతుంది. పరీక్షకు ఇంత లోతు అక్కర్లేదు, ఉద్యోగానికి కావాలి. మీరు ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి అటవీ శాఖ కరపత్రాలు పక్కన పెట్టుకుని చదవండి.

చెట్టెక్కే తాళ్ల ముడులు పుస్తకంలో నేర్చుకోలేరు. బాణం గుర్తులు చూస్తూ బ్లేక్స్ హిచ్ అనే ముడి వేయబోతే తాడు చిక్కుపడటమే మిగులుతుంది. నాకు మధ్యాహ్నం టాకోలు తింటూ ఒక పెద్దాయన నేర్పారు. ఆయన చేతులు చూడనివ్వరు, కళ్లు మూసుకుని కట్టమంటారు. పరీక్షలో చెట్టెక్కమని అడగరు కానీ, ఏ ముడి ఎందుకు వాడతారో మాత్రం అడుగుతారు. భద్రత విభాగాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కరెంటు తీగల దగ్గర ప్రత్యేక శిక్షణ లేనివాళ్లు కనీసం పది అడుగుల దూరం పాటించాలనే నియమం వంటివి అంకెలతో సహా గుర్తుండాలి.

అధ్యాయాల చివర ఇచ్చిన ప్రశ్నలు అసలు పరీక్షకన్నా సులువు. పరీక్షలో నాలుగు జవాబులూ ఒప్పే అనిపిస్తాయి, ముందు చేయాల్సింది ఏది, అన్నిటికన్నా మేలైనది ఏది అని అడుగుతారు. దీనికి విడిగా సాధన ప్రశ్నలు కావాలి. అయితే డబ్బు పోసి కొనే యాప్‌లతో జాగ్రత్త. నేను కొన్నదాంట్లో, పేరు అనవసరం, కాండానికి ఆనించి కోయడమే సరైన జవాబని చూపించారు. షైగో చెప్పి అప్పటికి దాదాపు అర్ధశతాబ్ది!

ధ్రువపత్రం అక్కర్లేకపోయినా ఆంధ్రలో, తెలంగాణలో చెట్లతో పనిచేసేవారికి నాటడం, నిర్మాణ పనుల అధ్యాయాలు పనికొస్తాయి. గుంత లోతు వేరు ముద్ద ఎత్తుకు మించకూడదు, వెడల్పు మాత్రం రెండు మూడు రెట్లు ఉండాలి. మా అమ్మావాళ్ల వీధిలో కానుగ చెట్ల మొదళ్ల దాకా సిమెంటు పోశారు. ఢిల్లీలో చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. పీల్చుకునే సన్నవేళ్లలో అత్యధికం పైన ఒక అడుగు లోతు మట్టిలోనే ఉంటాయని తెలిశాక ఆ సిమెంటును చూస్తే ఊపిరాడదు.

కొనేటప్పుడు ముద్రణ చూసుకోండి. చవకగా దొరికే పాత ప్రతులకన్నా నాలుగో ముద్రణ మేలు, ప్రమాణాలు మధ్యలో సవరించారు. ధ్రువపత్రం మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, అందుకు 30 శిక్షణ పాయింట్లు కావాలి. మొదటి ఏడాది నుంచే కొద్దికొద్దిగా కూడబెట్టుకోండి. చివరి నెలల్లో చూసుకుందామంటే తుపానుల కాలం అడ్డొస్తుంది, అప్పుడు ఎవరూ సెలవివ్వరు.