ఒక్క ఏస్ పిచర్‌నే నమ్ముకోవాలా, ముగ్గురికి పంచాలా? కాలేజీ సాఫ్ట్‌బాల్ ఫైనల్స్‌లో ఏది మేలు?

టీ20లో బుమ్రా ఎంత గొప్ప బౌలరైనా నాలుగు ఓవర్లే. ఆపైన కెప్టెన్‌కి ఎంత ఆశ ఉన్నా బంతి వేరేవాళ్లకి ఇవ్వాల్సిందే. అమెరికా కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో ఆ గొడవే లేదు. ఏడు ఇన్నింగ్స్‌ల మ్యాచ్ మొత్తం ఒక్క పిచరే, అంటే బంతి వేసే అమ్మాయే, వేయొచ్చు, మర్నాడు మళ్లీ వేయొచ్చు, ఆ మర్నాడూ వేయొచ్చు, పిచ్‌ల (వేసే బంతుల) సంఖ్యకి పరిమితి లేదు. అందుకే ఏటా మే చివర్లో ఓక్లహామా సిటీలో విమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్ మొదలవగానే కోచ్‌లందరికీ ఒకటే తలనొప్పి. ఉన్న ఏస్‌నే, అంటే జట్టులో అందరికంటే మేటి పిచర్‌నే, చివరిదాకా వాడుకోవాలా, లేక ఇద్దరు ముగ్గురికి పంచాలా?

ముందు ఆట కట్టు కాస్త తెలియాలి, లేకపోతే ఈ తలనొప్పి అర్థం కాదు. 64 జట్లతో మొదలై, రీజనల్స్, సూపర్ రీజనల్స్ అనే రెండు దశలు దాటి 8 జట్లు ఓక్లహామా సిటీకి చేరతాయి. అక్కడ ఒకసారి ఓడితే ఇంటికి పోనక్కర్లేదు, రెండోసారి ఓడితే పోవాలి. అలా మిగిలిన ఇద్దరికి మూడు మ్యాచ్‌ల ఫైనల్, ఎవరు రెండు గెలిస్తే వాళ్లదే కప్పు. ఓక్లహామా సిటీలో ఇదంతా వారం, పది రోజుల్లో అయిపోతుంది. డాలస్ నుంచి కారులో మూడు గంటల దూరం కాబట్టి అక్కడి మనవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయి ఉన్నవాళ్లు, ఒకసారి వెళ్లి చూడొచ్చు. టీవీలో ఆ వేగం తెలియదు. పిచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య 43 అడుగులే, బేస్‌బాల్‌లో అది 60 అడుగుల పైమాటే. గంటకి 70 మైళ్ల బంతి బ్యాటర్ దగ్గరికి రావడానికి అర సెకను కూడా పట్టదు.

ఆ దూరం వల్లే సాఫ్ట్‌బాల్‌లో మంచి పిచర్ ఒక్కతే మ్యాచ్‌ని లాగేస్తుంది. ఏస్ వైపు వాదించేవాళ్లు ఎప్పుడూ 2007 ఎత్తుతారు, ఎత్తాలి కూడా. ఆ ఏడు అరిజోనా తరఫున టారిన్ మోవాట్ ఓక్లహామా సిటీలో ప్రతి ఇన్నింగ్స్ తనే వేసింది, ఒక్క వారంలో వెయ్యికి పైగా పిచ్‌లు. టెనెసీతో ఫైనల్ మొదటి మ్యాచ్ ఓడిపోయారు, రెండోది పది ఇన్నింగ్స్‌లు సాగి 1-0తో గెలిచారు, మూడోది 5-0. 2019లో యూసీఎల్‌ఏ అమ్మాయి రేచల్ గార్సియా సెమీస్‌లో వాషింగ్టన్ మీద పది ఇన్నింగ్స్‌లు, 179 పిచ్‌లు వేసి, చివర్లో తనే బ్యాట్ పట్టి హోమ్ రన్ కొట్టి మ్యాచ్ ముగించింది. ఇలాంటివి చూశాక పిచర్లని మార్చే కోచ్ ఎవరికైనా పిరికివాడిలాగే కనిపిస్తాడు.

కానీ ఆ రెండు కథల్లోనూ చెప్పకుండా వదిలేసే సంగతి ఒకటుంది. 2007లో అవతలి టెనెసీదీ ఇదే పరిస్థితి, పిచర్ మోనికా ఆబట్ భుజం మీదే బండి నడిచింది. ఇద్దరూ అలసిపోయినవాళ్లే, కాబట్టి అలసట ఎవరి పక్షమూ తీసుకోలేదు. 2019లో గార్సియా 179 పిచ్‌లు వేసిన మర్నాడే ఫైనల్ మొదలైంది, అయితే ఆ రోజు యూసీఎల్‌ఏ బ్యాటర్లు ఓక్లహామా మీద 16 పరుగులు కొట్టి పడేశారు. పిచర్ ఎంత అలసిపోయిందో తెలిసే అవసరమే రాలేదు.

ఒక ఏస్ జట్టుకి, నలుగురైదుగురు పిచర్లున్న జట్టు ఎదురైతే ఏమవుతుందో 2021లో తేలింది. జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీకి సీడింగ్ కూడా లేదు. ఒడిచీ అలెగ్జాండర్ పిచింగ్‌తో మొదటి మ్యాచ్‌లోనే నంబర్ వన్ ఓక్లహామాని 4-3తో ఓడించారు. తర్వాత ఓక్లహామా స్టేట్ మీద 2-1. ఆ మ్యాచ్‌లో బ్యాటర్ బంతిని ముందుకి చిన్నగా తోసి మూడో బేస్ మీదున్న అమ్మాయితో పరుగు తీయించబోతే, అలెగ్జాండరే పరిగెత్తి బంతి అందుకుని, అటు నుంచి అటే పరుగు పూర్తయ్యే చోటు, అంటే హోమ్ ప్లేట్ మీదికి దూకి ఆమెని అవుట్ చేసింది, ఆ ఒక్క వీడియో ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. కానీ ఓక్లహామా ఓడినవాళ్ల వైపు నుంచి మళ్లీ పైకి వచ్చి, 6-3, 7-1తో వరసగా రెండుసార్లు కొట్టి ఆమెని ఇంటికి పంపింది. చివరి మ్యాచ్‌లో ఆమె బయటికి నడుస్తుంటే ఓక్లహామా అభిమానులే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చప్పట్లు బాగానే ఉన్నాయి, కప్పు మాత్రం ఓక్లహామాకి పోయింది.

చెయ్యి కింద నుంచి తిప్పి వేస్తారు కాబట్టి భుజానికి శ్రమ ఉండదని చాలాకాలం నమ్మారు. ఇప్పుడు ఆ మాట అనే డాక్టర్లు తక్కువ. అయినా నా దృష్టిలో అలసట కంటే పెద్ద సమస్య పరిచయం. ఒకే పిచర్ రైజ్ బాల్‌ని (పైకి లేచినట్టు వచ్చే బంతిని) రెండు రోజులు చూసిన బ్యాటర్‌కి మూడో రోజు అది కొత్త బంతి కాదు.

2025 ఫైనల్ దీనికి సరిగ్గా సరిపోయే కేసు. టెక్సాస్ టెక్ స్టాన్‌ఫర్డ్ నుంచి నైజారీ కెనడీని తెచ్చుకుంది, ఒప్పందం విలువ 10,50,024 డాలర్లు. పది లక్షలు ఆమెకి, యాభై వేలు ఉండటానికి, తినడానికి, మిగతా 24 ఆమె జెర్సీ నంబర్ అన్నమాట. ఆ డబ్బుకి ఆమె న్యాయం చేసింది, అందులో అనుమానం లేదు. ఓల్ మిస్, యూసీఎల్‌ఏ, వరసగా నాలుగు టైటిళ్లు కొట్టి ఐదోదానికి వచ్చిన ఓక్లహామా, అందరినీ పంపించేసింది. ఫైనల్ చేరేదాకా జట్టు ఓక్లహామా సిటీలో వేసిన ప్రతి పిచ్ ఆమెదే.

ఫైనల్ మొదటి మ్యాచ్‌లో టెక్సాస్ (టెక్సాస్ టెక్ కాదు, వేరే యూనివర్సిటీ) మీద 1-0 ఆధిక్యం, ఆరో ఇన్నింగ్స్. టెక్సాస్ బ్యాటర్ రీస్ ఆట్‌వుడ్‌కి కావాలనే వాక్ ఇచ్చేద్దామని, అంటే కొట్టే అవకాశం లేకుండా మొదటి బేస్‌కి పంపేద్దామని, బంతులు దూరంగా వేస్తున్నారు, అందులో ఒకటి కాస్త దగ్గరికి వచ్చింది, ఆమె ఊరుకోకుండా బ్యాట్ చాపి లెఫ్ట్ వైపు కొట్టింది. రెండు పరుగులు, మ్యాచ్ 2-1. ఇది అలసట అని నేననను, ఏమరుపాటు. మర్నాడు కెనడీ మళ్లీ వేసి 4-3తో గెలిపించింది. మూడో రోజు మొదటి ఇన్నింగ్స్‌లోనే ఐదు పరుగులు పోయాయి, కోచ్ ఆమెని తీసేశాడు, టెక్సాస్ 10-4తో తన మొదటి టైటిల్ కొట్టింది.

అవతలి వైపు చూడండి. టెక్సాస్‌కీ ఏస్ ఉంది, టీగన్ కావన్. ఓక్లహామా సిటీలో ఆమె మీద ఒక్క ఎర్న్‌డ్ రన్ కూడా రాలేదు, అంటే ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తప్ప మిగతావేవీ లేవు. అంత ఫామ్‌లో ఉన్న అమ్మాయిని కోచ్ మైక్ వైట్ రెండో మ్యాచ్‌కి కూర్చోబెట్టాడు! ఫైనల్లో ఒక మ్యాచ్ ఆధిక్యంలో ఉన్నాడు, ఆ రోజు గెలిస్తే కప్పు చేతికొచ్చేది, అయినా మిగతా పిచర్లతో ఆడి ఒక్క పరుగు తేడాతో ఓడాడు. ఆ రాత్రి ఎన్ని తిట్లు పడ్డాయో ఊహించుకోవచ్చు. కానీ మూడో రోజు టెక్సాస్‌కి ఒక రోజు విశ్రాంతి తీసుకున్న ఏస్ ఉంది, టెక్‌కి లేదు. నాకు ఫైనల్ మొత్తం ఆ ఓడిన మ్యాచ్‌లోనే తేలిపోయిందనిపిస్తుంది.

మరి పూర్తిగా పంచుకునే పద్ధతి? దానికి ఆదర్శం ఓక్లహామానే. 2023లో జోర్డీ బాల్, నికోల్ మే, అలెక్స్ స్టొరాకో ముగ్గురూ సీజన్‌ని పంచుకున్నారు, 61 గెలుపులు, ఒక్క ఓటమి. మొదట దిగిన పిచర్‌ని బయటికి తీసి మళ్లీ ఒకసారి లోపలికి తెచ్చుకునే వీలు సాఫ్ట్‌బాల్‌లో ఉంది కాబట్టి ఇలా పంచడం అంత ప్రమాదమేమీ కాదు. అయితే ఓక్లహామా సిటీకి వచ్చేసరికి ఆ జట్టు కూడా ఎక్కువ భారం బాల్ మీదే పెట్టింది, ఒక్క పరుగు ఇవ్వకుండా దాదాపు 25 ఇన్నింగ్స్‌లు వేసింది. ముగ్గురికి సమానంగా పంచి కప్పు కొట్టారనే మాట కాబట్టి పూర్తిగా నిజం కాదు. పైగా ఇలాంటి ముగ్గురిని పోగేయడం అందరి వల్లా అయ్యే పని కాదు. చిన్న కాలేజీకి ఒక్క అలెగ్జాండర్ దొరకడమే గొప్ప.

నన్నడిగితే చిన్న జట్టుకి ఒక్క ఏసే మేలు, వేరే దారి లేదు, సెమీస్ దాకా వస్తే అదే పండగ. కప్పు కోసమే వచ్చిన జట్టుకి మాత్రం టెక్సాస్ పద్ధతే సరి. సీజన్‌లో పంచాలి, ఓడితే ఇంటికే అన్న మ్యాచ్‌లో ఏస్‌ని దించాలి, ఓడినా ఫర్వాలేదన్న మ్యాచ్ ఫైనల్లో ఒకటి దొరికితే ఆ రోజు ఆమెని బెంచ్ మీద కూర్చోబెట్టాలి. ఇందుకు రెండో పిచర్ అద్భుతంగా ఉండక్కర్లేదు, నాలుగైదు పరుగుల లోపు ఆపగలిగితే చాలు. టెక్సాస్ టెక్‌కీ ఇది అర్థమైనట్టే ఉంది. ఆ ఓటమి తర్వాత వేసవిలోనే కెనడీకి తోడుగా యూసీఎల్‌ఏ నుంచి కైట్లిన్ టెర్రీ అనే ఇంకో పిచర్‌ని తెచ్చుకున్నారు.